రెండు కట్లెట్లు, ఒక నల్లకోటు

ఆ రోజుల్లో మా ఎమ్మిగనూరు పిల్లలకు రైలంటే ఆదోనిలో దొరికే వస్తువు. మా ఊరికి రైలు లేదు. చూడాలంటే బస్సెక్కి ఆదోని పోవాలి. ఎక్కాలంటే షోలాపూర్‌లో ఎవరింట్లోనైనా శుభకార్యం జరగాలి (మా నేతవాళ్ల చుట్టాలు సగం మంది అక్కడే ఉన్నారు కాబట్టి ఏటా ఒకటి జరిగేది). నాతోటి పిల్లలు ఇంజను చూసి నోరు తెరిచేవారు, కిటికీ దగ్గర చోటు కోసం కొట్టుకునేవారు. నాకు మాత్రం రైలు గొప్పతనమంతా నడుమ ఉండే వంట పెట్టెలోనే ఉందనిపించేది. బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నప్పుడు పెట్టెలు ఒక్కొక్కటే మన ముందు నుంచి పోతుంటాయి కదా, వాటిలో ఒకదాని కిటికీల్లోంచి వేగుతున్న ఉల్లిగడ్డల వాసన, ఉడుకుతున్న అన్నం ఆవిరి, పెద్ద గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు మన ముఖాన కొట్టి పోయేవి. అంత ఇనుము, అంత పరుగు, దాని మధ్య ఎవరో నింపాదిగా పోపు పెడుతున్నారు! ఇంతకన్నా పెద్ద అద్భుతం నేను ఇప్పటికీ చూడలేదు.

ఇప్పుడు నాలుగేళ్ల పాపతో రైలెక్కితే నా సంచిలో ఏముంటాయో చెబితే మీరు నవ్వుతారు. కాచి చల్లార్చిన నీళ్లు రెండు సీసాలు, చేతులు తుడుచుకునే మందు, పాపకు ఒక డబ్బా పెరుగన్నం, అది పాడైతే ఇంకో డబ్బా అటుకులు, అవి రెండూ పారబోసుకుంటే బిస్కెట్లు. ఫోనులో తిండి తెప్పించుకునే ముందు ఆ హోటలు గురించి ఎవరెవరు ఏమేం తిట్టారో అన్నీ చదువుతాను. ఇంత భయం నాకు ఎవరు నేర్పారో తెలియదు. ఊగే పెట్టెలో, ముక్కూ ముఖం తెలియని వాళ్లు వండిన అన్నం వేళ్లు నాకుతూ తిన్నదాన్ని కదా నేను! ముక్కూ ముఖం తెలియనివాళ్లు అన్నాను గానీ, వాళ్లలో ఒకరి ముక్కూ ముఖం నాకు బాగా తెలుసు. ఆయన మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు. కథ ఆయనదే. అందులో దొంగను మాత్రం నేను.

చిన్నాయనకు మగ్గం అంటే పడేది కాదు. మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా తొక్కుతూ ఉండాలి. "ఒగే సోట కూసోని యాడికీ పోకుండా నడిసే నడక ఇది" అని విసుక్కునేవాడు. ఇంట్లో పెత్తనం మా జేజిది (నాయన తల్లిని మేము జేజి అంటాం). ఆమె ఒక షరతు మీద ఒప్పుకుంది. "మగ్గం వద్దంటే వద్దు. గానీ సేసే పని గౌరవంగా ఉండాల. ఊర్లో తలెత్తుకోని సెప్పుకునే మాదిరి ఉండాల. ల్యాకుంటే మర్యాదగా వచ్చి గుంటలో కూసో." చిన్నాయన రెండు నెలలు కనిపించకుండా పోయి, తిరిగొచ్చి, "రైల్లో ఉద్యోగమొచ్చింది మా" అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మిగిలినదంతా జేజి తనే అల్లుకుంది, అల్లడం ఆమెకు కొత్త కాదు. రైల్లో ఉద్యోగమంటే టికెట్లు చూసే ఉద్యోగం, టికెట్లు చూసేవాడంటే నల్లకోటు. వారం తిరక్కముందే మా వీధి వీధంతా చిన్నాయనకు నల్లకోటు తొడిగేసింది.

అసలు సంగతి మొదట కనిపెట్టింది నేనే. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆయన సెలవుకు వచ్చినప్పుడు చొక్కా దండెం మీద ఆరవేస్తూ, "చిన్నాయనా, టికెట్లు చూసేవాళ్ల చొక్కా ఉల్లిగడ్డల వాసన ఎందుకొస్తాది?" అని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి, నా చెయ్యి పట్టి పెరట్లోకి తీసుకెళ్లి, నూనె ఓడుతున్న కాగితం పొట్లం విప్పాడు. లోపల రెండు కట్లెట్లు. పైన కరకరలాడే గోధుమరంగు పొడి, లోపల మెత్తటి ఆలుగడ్డ, అక్కడక్కడ ఎర్రగా బీట్‌రూట్, ఒక మూల మిరియం ఘాటు. "ఎవురికీ సెప్పగూడదు మే. వచ్చినప్పుడల్లా రెండు" అన్నాడు. దేశంలో లంచాల గురించి ఇప్పుడు నేను తెగ బాధపడుతుంటాను గానీ, ఆ రోజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆయన బండిలో భోజనం వడ్డించే మనిషి అన్న నిజాన్ని ఆ కట్లెట్లతో పాటే మింగేశాను.

నోరు మూసుకున్నాను అంటే పూర్తిగా మూసుకోలేదు. చిన్నాయన పని గురించి మాత్రమే మూసుకున్నాను. రైలు తిండి గురించి రోజూ వాగుతూనే ఉండేదాన్ని. చిన్నాయన కొనిపెట్టాడని చెప్పి, కట్లెట్టు ఎట్లా ఉంటుందో, టమాటా సూపులో వేయించిన రొట్టె ముక్కలు ఎట్లా తేలతాయో, గుంటల పళ్లెంలో అన్నం ఒక గదిలో, పప్పు ఒక గదిలో, పెరుగు ఒక గదిలో ఎవరికి వాళ్లు ఎట్లా కాపురం ఉంటారో అందరికీ వర్ణించేదాన్ని. జేజి జొన్నరొట్టె తడుతూ అన్నీ వినేది.

ఒకరోజు షోలాపూర్‌లో మా బంధువులింట్లో తొట్టెల ఫంక్షన్ వచ్చింది. జేజి బయల్దేరింది, తోడు నేను. ఆదోని స్టేషన్లో బండి ఎక్కాక గానీ నాకు తట్టలేదు, అది చిన్నాయన తిరిగే బండి అని. ఆ రోజు ఆయన వంతో కాదో తెలియదు. నేను నడవా వైపే చూస్తూ కూర్చున్నాను. జేజి మాత్రం హాయిగా కూర్చుని ఒడిలోంచి ఒక మూట విప్పింది. ఒక గుడ్డలో జొన్నరొట్టెలు, మేము ఊరిబిండి అనే శెనక్కాయల పచ్చడి (ఎందుకైనా మంచిదని). ఇంకో గుడ్డలో, కొత్తగా కుట్టించిన నల్లకోటు!

"ఇదెందుకు జేజీ?" అన్నాను.

"మీ చిన్నాయనకే. ఎప్పుడొచ్చినా ఉత్త సొక్కాతో వస్తాడు. కోటేదిరా అంటే ఉక్క మా అంటాడు. పాతబడిందేమో, సెప్పలేక అట్లంటాండాడు. రైల్లో యాడన్నా కనపడితే ఇచ్చేద్దామని."

మా ఎదురుగా ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే శెట్టిగారు, ఆయన భార్య కూర్చున్నారు. వాళ్ల పక్కన పూణే వెళ్తున్న ఒక సిపాయి. కోసిగి దాటాక నిజం నల్లకోటు రానే వచ్చింది. జేజి ముఖం వెలిగిపోయింది. "మా సిన్నోడూ మీ మాదిరి ఉద్యోగమే అప్పా. ఈ కోటు వానికే" అంది. ఆయన కోటు వైపు చూసి నవ్వి, "ఏం పేరమ్మా? ఎక్కడ చేస్తాడు?" అన్నాడు. ఇంకొక్క మాట నడిస్తే మునిగిపోతామని నాకు అర్థమైంది. అప్పుడు నా తెలివి పనిచేసిన తీరు చూడండి. "సార్, మా జేజికి టికెట్ లేదేమో చూడండి!" అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. జేజి చీర కొంగు, సంచి, డబ్బా అన్నీ వెతికి టికెట్లు చూపించేసరికి పేరు అడిగిన సంగతి ఆయన మరిచిపోయాడు. జేజి మరిచిపోలేదు. నా తొడ మీద ఆమె గిల్లిన చోటు షోలాపూర్ దాకా మండింది.

మంత్రాలయం రోడ్డు స్టేషను దాటాక భోజనాల ఆర్డర్లు రాసుకోవడానికి ఒక మీసాలాయన వచ్చాడు. చిన్నాయన కాదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా ఎందుకైనా మంచిదని, "మనకొద్దు జేజీ, రొట్టెలున్నాయి కదా, రైలు తిండి తింటే కడుపునొప్పి" అన్నాను.

"నిన్నటిదాకా కట్లెట్టు కట్లెట్టు అని కలవరిస్తాంటివి గదమే!" అంది జేజి. "నువ్వు సెప్పి సెప్పి నా నోరూరిచ్చినావు. ఈ పొద్దు తినాల్సిందే. ఇద్దరికి రాసుకో అప్పా."

శెట్టిగారు ఇద్దరికి, సిపాయి ఒకరికి రాయించారు. మొత్తం ఐదు. రాయచూరు వదిలాక మీసాలాయన పళ్లేలు తెచ్చాడు గానీ నాలుగే తెచ్చాడు. "ఒకటి వెనకాల వస్తాది, మీరు తినండి" అని సిపాయిని వదిలి మా నలుగురికీ పెట్టేసి, పక్క గదుల వాళ్లవి అందివ్వడంలో పడ్డాడు. శెట్టిగారు ముద్ద కలిపారు. జేజి చెయ్యి అడ్డం పెట్టింది.

మా ఇళ్లలో వరసగా కూర్చుని తినేదాన్ని బంతి అంటాం. బంతిలో ఆఖరి విస్తరిలో వడ్డన పూర్తయ్యేదాకా మొదటి విస్తరిలో చెయ్యి పెట్టకూడదు. జేజి లెక్కలో మేము ఐదుగురం ఒక బంతి. ఆ బంతి గంటకు ఎన్ని మైళ్లు పరుగెత్తుతోందన్నది ఆమెకు సంబంధం లేని విషయం.

"అవ్వా, నాకు సుగరమ్మా. తినకుంటే కండ్లు తిరుగుతాయి" అన్నారు శెట్టిగారు దీనంగా.

"తిరగనీ అప్పా, కూసోనే ఉండావు గదా, పడవులే. ఆ సిపాయి నాయన ఉత్త సేతులతో సూస్తాంటే మనకు ముద్దెట్ల దిగుతాది?"

సిపాయి తమిళంలోనో హిందీలోనో తినండి తినండి అని బతిమాలుకున్నాడు. జేజి వినలేదు. నాలుగు పళ్లేల మీద ఆవిరి తగ్గుతోంది. శెట్టిగారి భార్య భర్త ముఖం చూసి గాభరాపడి, మీసాలాయనను పిలిచి కేకలేసింది. ఆయన విసుగ్గా నడవా వైపు తిరిగి, "ఇక్కడ ఒక పళ్లెం తక్కువ, ముసలమ్మ ఎవర్నీ తిననివ్వడం లేదు, త్వరగా తేరా!" అని అరిచాడు. ఒక చేత్తో పళ్లెం భుజం ఎత్తున పట్టుకుని, ఇంకో చేత్తో సాంబారు బకెట్టుతో ఒక మనిషి నీలం చొక్కాలో వచ్చి మా ముందు నిలబడ్డాడు.

నేను కళ్లు మూసుకున్నాను. మూసుకుంటే వినపడదని చిన్నప్పుడు నాకో నమ్మకం.

"నీ కోటేదిరా?" అంది జేజి.

బకెట్టు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత చిన్నాయన గొంతు, "ల్యాదు మా. ఎప్పుడూ ల్యాదు. ఇదే నా ఉద్యోగం."

"ఎంగిలి పళ్లేలు ఎత్తేదా?"

"వడ్డించేదీ నేనే మా."

జేజి నా వైపు తిరిగింది. నా ముఖంలో ఆమెకు కావలసినదంతా దొరికింది. "నీకు తెల్సునా?" అంది. నేను ఏడుస్తూ, "రెండు కట్లెట్లు ఇచ్చినాడు జేజీ" అన్నాను (అన్నం పెట్టిన చేతికే ద్రోహం చేయడమంటే అదే, పెట్టింది కట్లెట్లయినా సరే).

"షోలాపూర్లో నా జతలో దిగు" అంది జేజి, చిన్నాయనతో. "ఊరు సేరినాక గుంటలో కూసోవాల. అంతే."

చిన్నాయన ముఖం తెల్లబోయింది. ఆ ఉద్యోగం ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. పెరట్లో పొట్లం విప్పినప్పుడల్లా కృష్ణా నది మీద సూర్యోదయం గురించి, వాడి అనే స్టేషన్లో దొరికే లేత వంకాయల గురించి ఎంత సంబరంగా చెప్పేవాడో. ఇప్పుడు మాత్రం చేతిలో ఉన్న పళ్లెం సిపాయి ఒడిలో పెట్టాడు.

"అవ్వా" అన్నారు శెట్టిగారు ప్రాణం గొంతులో పెట్టుకుని, "అందరికీ వచ్చె గద. ఇంక తినొచ్చునా?"

"తిను తండ్రీ, నిన్నెవురు వద్దనిరి?"

జేజి మాత్రం చెయ్యి పెట్టలేదు. చిన్నాయన బకెట్టులో గరిటె ముంచుతూ నెమ్మదిగా అన్నాడు, "తిట్టేది తిన్యాక తిట్టు మా. అన్నం సల్లారితాది."

సరిగ్గా అప్పుడే బండి కృష్ణ బ్రిడ్జి ఎక్కింది. పెట్టె ఒక్కసారి పక్కకు ఊగింది. సిపాయి నీళ్ల గ్లాసు ఒలికింది, శెట్టిగారు చువ్వ పట్టుకున్నారు, నేను జేజి మీద పడ్డాను. చిన్నాయన మోకాళ్లు మాత్రం కొంచెం వంగి, ఒక కాలు లేస్తూ ఒక కాలు దిగుతూ, బండి ఎటు పోతే అటు పోయాయి. నడుం పైన మనిషి కదల్లేదు. గరిటెలోంచి సాంబారు సన్నటి ధారగా జేజి అన్నం నడుమ చేసిన గుంటలోకి, పోసినట్టు గాక పోగు వదిలినట్టు దిగింది. పళ్లెం అంచు మీద ఒక్క చుక్క లేదు. జేజి ఆయన చేతుల్ని చూడటం లేదు. ఆయన కాళ్లనే చూస్తోంది. ఆ తొక్కుడు ఆమెకు తెలిసిందే. మా ఇంటి గుంటలో యాభై ఏళ్లుగా చూస్తున్నదే.

ఆమె ముద్ద కలిపింది.

ఆ భోజనం గురించి చెప్పకపోతే పాపం. అన్నం మెతుకుకు మెతుకు విడిగా ఉంది. పప్పులో వెల్లుల్లి ఎర్రగా వేగి ఉంది. ఆలుగడ్డ, బఠాణీ కూర మరీ గొప్పగా ఏమీ లేదు గానీ, కిటికీలోంచి నది కనబడుతుంటే దానికొక రుచి వచ్చింది. పెరుగు గట్టిగా, పులవకుండా ఉంది. పక్కన చిన్న పొట్లంలో ఊరగాయ, అప్పడం, ఒక మూల కట్లెట్టు. నేను కన్నీళ్లతో తింటున్నందువల్ల ఉప్పు గురించి కచ్చితంగా చెప్పలేను. జేజి మాత్రం పప్పు వేలితో నాకి, "పోపు తెల్సిన చెయ్యి" అని తనలో తను అనుకుంది. కట్లెట్టు కొరికి నా వైపు చూసి, "ఊ" అంది. తర్వాత నా పళ్లెంలో ఉన్నది కూడా తీసుకుని తినేసింది. అదే నాకు పడిన శిక్ష.

అన్నం అయిపోగానే జేజి తలెత్తి చూసింది. బంతిలో మారు అడగకుండా వదిలితే వడ్డన కాదు, అవమానం. బండిలో మారు లేదు, ఒక్కొక్కరికి ఒక పళ్లెం, అంతే. చిన్నాయనకు ఆ రెండూ తెలుసు. ఒక్క క్షణం నిలబడి, వెళ్లి, ఒక గిన్నెడు అన్నం తెచ్చాడు. "ఇంగొంచెం మా." "శెట్టన్నా, నీకు సుగరు గదా, కొంచెమే." "సిపాయన్నా, పెట్టిచ్చుకో." అందరికీ కొసరి కొసరి వడ్డించి గిన్నె ఖాళీ చేసి పోయాడు. పళ్లేలు ఎత్తడానికి వచ్చిన మీసాలాయన జేజి చెవి దగ్గర వంగి అన్నాడు, "అది వాడి వంతు అన్నమమ్మా. ఇంక రాత్రి దాకా వాడికి ఏమీ లేదు."

జేజి లేచింది. మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. వడ్డించినవాడు ఆఖర్న తింటాడు, వాడికి ఇంటి పెద్ద దగ్గర కూర్చుని తన చేత్తో వడ్డించాలి. రొట్టెల మూట ఒక చంకన, కోటు ఒక చంకన, నన్ను కొంగుకు కట్టినట్టు లాక్కుంటూ ఆమె పెట్టెలు దాటుకుంటూ నడిచింది. వంట పెట్టె తలుపు దగ్గర లావుపాటి మేనేజరు అడ్డం నిలబడ్డాడు. "అమ్మా, ప్యాసింజర్లు లోపలికి రాకూడదు."

"నేను ప్యాసింజర్ని కాదప్పా. వాని తల్లిని. వాడు తినలేదంట, పెట్టి పోతా."

ఆయన పక్కకు తప్పుకున్నాడు. జేజి ముందు ఎవరైనా అంతే.

లోపల నా జన్మ ధన్యమైంది. స్నానానికి సరిపోయేంత పెద్ద గిన్నెలు, జారిపోకుండా పొయ్యిల చుట్టూ ఇనుప కమ్మీలు, పైకప్పుకు వేలాడుతూ అన్నీ ఒక్క లయలో ఊగుతున్న గరిటెలు, ఒక మూల ఉల్లిగడ్డల బస్తాలు. సాయంత్రానికి అప్పుడే కట్లెట్ల ముద్దలు వరసలుగా తయారవుతున్నాయి. ఒక బస్తా మీద చిన్నాయనను కూర్చోబెట్టి జేజి రొట్టె తుంచి ఊరిబిండి అద్ది పెట్టింది. వండేవాళ్లు కూడా చుట్టూ చేరారు. వాళ్లందరికీ పెట్టింది. మేనేజరు కూడా ఒకటి తీసుకుని, "ఇది మా బండిలో దొరకదమ్మా" అన్నాడు.

ఎవరో పిలిస్తే చిన్నాయన లేచి, తడిగుడ్డ ముక్కతో కాగుతున్న పాల గిన్నె దించాడు. గుడ్డ పలచగా ఉంది. ఆయన మణికట్టు మీద కాలిన మచ్చలు జేజి అప్పుడు చూసింది. "కత్తి ఉందా అప్పా?" అని వంటాయనను అడిగింది. ఉల్లిగడ్డలు కోసే కత్తి తీసుకుని, ఆ కొత్త నల్లకోటు ఒళ్లో పరుచుకుని, దాని రెండు చేతులూ భుజాల దగ్గర పరపరా కోసేసింది.

"మందం గుడ్డ. గిన్నెలు దించనీకె బాగుంటాది" అంటూ వాటిని చిన్నాయన చేతులకు తొడిగింది.

"షోలాపూర్లో దిగాల్నా మా?" అన్నాడు ఆయన, మోచేతుల దాకా నల్లగా నిలబడి.

"నువ్వు దిగితే ఇంతమందికి ఎవురు పెడతారురా?" అంది జేజి, కళ్లు తుడుచుకుంటూ. (ఉల్లిగడ్డల కత్తి అని తర్వాత చెప్పింది.) ఊరికి తిరిగొచ్చాక మా వీధిలో ఎవరైనా అడిగితే తలెత్తుకునే చెప్పేది, "మా సిన్నోడు కృష్ణ మింద నిలబడుకోని సాంబారు పోస్తాడు. మీ వానికి సేతనైతాదా?"

ఇప్పుడు జేజి లేదు. ఆ బండికి వంట పెట్టె కూడా లేదు. ఏదో ఊళ్లో ఎప్పుడో వండి మూతలేసిన డబ్బాలు మధ్యలో ఎక్కుతాయి. పోయిన నెల పాపతో షోలాపూర్ వెళ్తుంటే అట్లాంటి డబ్బా ఒకటి తెప్పించాను. తేదీ చూశాను, సీలు చూశాను, వాసన చూశాను. పాప మూత మీద వేలు పెట్టి, "అమ్మా, ఇది ఎవరు వండినారు?" అని అడిగింది. డబ్బా అన్ని వైపులా తిప్పి చూశాను. అందులో ఏమేం వేశారో అన్నీ రాసి ఉన్నాయి, అది తప్ప.

తిరిగి వచ్చాక పాపను ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర చిన్నాయన హోటలుకు తీసుకెళ్లాను. వంట పెట్టె తీసేశాక ఆయన పెట్టుకున్నది. పొయ్యి పక్కన మేకుకు నల్లటి కోటు చేతులు రెండు, మాసికల మీద మాసికలతో, ఇంకా వేలాడుతున్నాయి. ఆయన వాటిని తొడుక్కుని బాణలి దించి, పళ్లెంలో కట్లెట్లు పెట్టుకుని, కదలని గచ్చు మీద మోకాళ్లు కొంచెం వంచి, ఒక కాలు లేస్తూ ఒక కాలు దిగుతూ మా దగ్గరికి వచ్చాడు.

"తాత ఎందుకట్ల ఊగుతాండాడు?" అంది పాప.

"తాతకు బండి ఇంకా ఆగలేదు" అన్నాను. చేతులు తుడిచే సీసా అప్పటికే సంచిలోంచి సగం బయటికి తీశాను. పాప ఆయన చేతిలోంచే కట్లెట్టు అందుకుని కొరికేసింది. సీసా మళ్లీ లోపల పెట్టేశాను.

చిన్నాయన నా పళ్లెంలో రెండు పెట్టి, కాసేపు ఆలోచించి, మూడోది కూడా పెట్టాడు. "తిను మే. ఇవి నోరు మూసుకోనీకె కాదు" అన్నాడు నవ్వుతూ. "ఇంగ ఎవురికన్నా సెప్పుకో."

అందుకే మీకు చెప్పాను.